యూసుఫ్ గిటారు ఎందుకు దించాడు, ఎందుకు మళ్లీ ఎత్తుకున్నాడు

జెన్ బౌద్ధంలో తప్పిపోయిన ఎద్దును వెతికే కథ పది బొమ్మల్లో ఉంటుంది. మొదటి బొమ్మలో కాపరికి ఎద్దు జాడే లేదు. రెండోదాంట్లో గిట్టల గుర్తులు, మూడోదాంట్లో ఎద్దు కనబడుతుంది. నాలుగోదాంట్లో మెడకు తాడు పడుతుంది, కానీ ఎద్దు లొంగదు, గుంజుకుంటూనే ఉంటుంది. మచ్చికయ్యేది ఐదో బొమ్మలో. దాని మీదెక్కి ఇంటికి వెళ్లేది ఆరో బొమ్మలో.

1972లో క్యాట్ స్టీవెన్స్ అనే బ్రిటిష్ గాయకుడు, అంటే తర్వాతి రోజుల యూసుఫ్, తన ఆల్బమ్‌కు 'క్యాచ్ బుల్ ఎట్ ఫోర్' అని పేరు పెట్టాడు. తాను ఏ మెట్టు మీదున్నాడో అట్ట మీదే చెప్పుకున్నాడన్నమాట. అప్పటికి ఆయనకు 24 ఏళ్లు. ఆ ఆల్బమ్ అమెరికాలో మొదటి స్థానానికి వెళ్లింది. ఇస్లాం స్వీకరించడానికి ఇంకా ఐదేళ్లుంది.

ఆయన గురించి రెండు కథలు బాగా ప్రచారంలో ఉన్నాయి. మంచి గాయకుణ్ణి మతం మింగేసిందనేది ఒకటి. పాపిష్టి సంగీతాన్ని వదిలి సత్యానికి వచ్చాడనేది రెండోది. ఒకదాన్నొకటి తిట్టుకునే ఈ రెండు కథలూ ఒకే పునాది మీద నిలబడ్డాయి. 1977లో కత్తితో కోసినట్టు ఒక మనిషి పోయి ఇంకో మనిషి వచ్చాడని రెండూ నమ్ముతాయి. నా వాదన ఏమిటంటే, ఆ కోత ఎక్కడా లేదు. పాటలను తేదీల వరసలో పెట్టుకుని వింటే చాలు, ఆ సంగతి తెలిసిపోతుంది.

పేరు దగ్గర్నుంచే మొదలుపెడదాం. 1948 జూలై 21న లండన్‌లో పుట్టినప్పుడు ఆయన స్టీవెన్ డిమిట్రీ జార్జియు. తండ్రి సైప్రస్ గ్రీకు, తల్లి స్వీడన్ మనిషి. ఇద్దరూ కలిసి నడిపిన మూలాన్ రూజ్ అనే రెస్టారెంటు పైనే ఇల్లు. తండ్రిది గ్రీకు ఆర్థడాక్స్ సంప్రదాయం, తల్లిది బాప్టిస్టు, పిల్లవాణ్ణి వేసింది సెయింట్ జోసెఫ్ అనే కాథలిక్ బడిలో. ఒకే ఇంట్లో క్రైస్తవం మూడు రకాలు. 1966లో మొదటి రికార్డు వచ్చేటప్పుడు జార్జియు అనే పేరుతో రికార్డులు అమ్ముడుపోవని క్యాట్ స్టీవెన్స్ అయ్యాడు. అప్పుడు పేరు ఎందుకు మార్చావని ఎవరూ నిలదీయలేదు. బజారు కోసం మార్చుకుంటే మామూలు సంగతి, నమ్మకం కోసం మార్చుకుంటే వింత. ఈ తేడా దగ్గర కాస్త ఆగి ఆలోచించాలి.

ఆ తొలి పాట 'ఐ లవ్ మై డాగ్'. దాని బాణీకి మూలం యూసెఫ్ లతీఫ్ అనే అమెరికన్ జాజ్ విద్వాంసుడి 'ద ప్లమ్ బ్లాసమ్'. ఆ సంగతి ఆయనే తర్వాత ఒప్పుకుని రాయల్టీ కూడా పంచాడు. లతీఫ్ కూడా ఇస్లాం స్వీకరించినవాడే, ఆ పేరు అలా వచ్చిందే. దీన్ని విధి అని నేననను. కానీ 'యూసుఫ్' అనే పేరున్న ముస్లిం సంగీతకారుడి రాగంతోనే ఈయన వృత్తి మొదలైందన్న మాట నాకు ఎప్పుడూ గుర్తుకొస్తూనే ఉంటుంది.

1967లో 'మాథ్యూ అండ్ సన్' ఇంగ్లండులో రెండో స్థానానికి వెళ్లింది. జిమీ హెండ్రిక్స్, వాకర్ బ్రదర్స్, ఎంగెల్బర్ట్ హంపర్‌డింక్‌లతో కలిసి ఊరూరా కచేరీలు. నిద్ర లేదు, తాగుడు, సిగరెట్లు. 1968లో ఇరవై నిండకముందే క్షయ పట్టుకుంది. మిడ్‌హర్స్ట్‌లోని కింగ్ ఎడ్వర్డ్ సెవెన్త్ ఆసుపత్రిలో దాదాపు మూడు నెలలు, ఆ తర్వాత సుమారు ఏడాది విశ్రాంతి. అసలు మలుపు ఇక్కడుంది. ఆధ్యాత్మిక రచయిత పాల్ బ్రంటన్ పుస్తకం చేతికొచ్చింది, ధ్యానం మొదలైంది, మాంసం మానేశాడు. తర్వాతి ఆల్బమ్‌లకు సరిపడా పాటలు ఆ మంచం మీదే పుట్టాయి. మతం వచ్చి సంగీతాన్ని చంపిందనేవాళ్లు ఈ ఏడాదిని లెక్కలోకి తీసుకోరు. దేవుణ్ణి వెతకడం మొదలైంది గనకే ఆ సంగీతం వచ్చింది. అంతకుముందు రెండేళ్లు పాడినవి నిర్మాత మైక్ హర్స్ట్ ఆర్కెస్ట్రా కింద నలిగిన పాటలు. వినసొంపుగానే ఉంటాయి, కానీ మనిషి కనబడడు.

1970లో ఐలండ్ రికార్డ్స్‌కు మారాక మనిషి కనబడ్డాడు. నిర్మాత పాల్ శామ్‌వెల్-స్మిత్, రెండో గిటారుకు ఆలన్ డేవీస్. పద్ధతి చూడటానికి చాలా తేలిక. రెండు అకూస్టిక్ గిటార్లు, ఒక బేస్, డ్రమ్స్ చాలా తక్కువ, అవసరమైన చోట మాత్రమే డెల్ న్యూమన్ రాసిన తీగవాద్యాలు. ఆయన గిటారును గట్టిగా, తాళంలా కొడతాడు, డేవీస్ ఆ సందుల్లో సన్నని పలుకులు పొదుగుతాడు. ఇంట్లో ఒక్క గిటారుతో ఈ పాటలు వాయించబోయినవాళ్లకు ఏదో వెలితిగా అనిపించడానికి కారణం ఇదే. సగం పాట డేవీస్ చేతిలో ఉంది. ఒక్కరే వాయించేటట్టయితే అంతా మోగించే ప్రయత్నం మానేసి, కుడిచేతి తాళాన్ని మాత్రం గట్టిగా పట్టుకుని, మిగతాది గొంతుకు వదిలేయాలి.

ఆ ఏడాది నవంబరులో వచ్చిన 'టీ ఫర్ ద టిల్లర్‌మన్'లో 'ఫాదర్ అండ్ సన్' పాటను దగ్గరగా చూడండి. రష్యన్ విప్లవం నేపథ్యంగా వేద్దామనుకున్న ఒక సంగీత నాటకం కోసం మొదలైన పాట అది. కొడుకు విప్లవంలోకి వెళ్తానంటాడు, రైతు తండ్రి ఆగమంటాడు. నాటకం ఆగిపోయింది, పాట మిగిలింది. తండ్రి కింది స్థాయిలో, నింపాదిగా పాడతాడు. కొడుకు వంతు వచ్చేసరికి అదే బాణీ పై స్థాయికి ఎక్కుతుంది, గొంతు బిగుసుకుంటుంది. మాటలు వినకపోయినా ఎవరు ఎవరో తెలిసిపోతుంది. చాలామంది తర్వాత పాడారు. ఇద్దరికీ ఒకే స్థాయి వాడినవాళ్లంతా దెబ్బతిన్నారని నా అభిప్రాయం. తండ్రి మాటల్లో తప్పు లేదు, కొడుకు మాటల్లోనూ తప్పు లేదు. పాట ఎవరినీ గెలిపించదు. 22 ఏళ్లవాడు తండ్రి పక్షాన అంత న్యాయంగా ఎలా రాశాడో నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

'మార్నింగ్ హ్యాజ్ బ్రోకెన్' కథ వేరు. మాటలు 1931లో ఎలియనార్ ఫార్జన్ రాసిన ప్రార్థనగీతం, బాణీ స్కాట్లండు గేలిక్ జానపదం. ఉన్నదున్నట్టు పాడితే మరీ చిన్నది, రికార్డుకు చాలదు. ఆ ఇబ్బందిని తీర్చింది రిక్ వేక్‌మన్ పియానో. మొదట్లో ఒక పల్లవిలాంటిది, చరణాల నడుమ ముక్కలు, చివర మళ్లీ అదే. పియానో డి శ్రుతిలో మొదలై, గొంతు వచ్చేసరికి సి శ్రుతిలోకి దిగుతుంది. మధ్యలో ఒక చరణం తిరిగి డి లోకి లేస్తుంది. చర్చిలో పాడే పాటకు ఆ లేవడం, దిగడం ఉండవు. తెల్లవారడాన్ని ఆ శ్రుతి మార్పే వినిపిస్తుంది. గిటారు మీద నేర్చుకునేవాళ్లు ఆ మార్పు దగ్గరే తడబడతారు, ఎందుకంటే దాన్ని పియానో కోసం కట్టారు. ఈ పాట ఉన్న 'టీజర్ అండ్ ద ఫైర్‌క్యాట్' ఆల్బమ్ మీద వేక్‌మన్ పేరు కూడా వేయలేదు.

ఇక అట్టల మీది పేర్లే చూసుకుంటూ పోదాం. 1972లో జెన్ ఎద్దు. 1974లో 'బుద్ధా అండ్ ద చాకొలెట్ బాక్స్': విమానంలో వెళ్తుంటే ఒక చేతిలో బుద్ధుడి బొమ్మ, ఇంకో చేతిలో చాకొలెట్ డబ్బా ఉన్నాయట, ఇప్పుడు చచ్చిపోతే ఈ రెంటి మధ్యే పోతానుగదా అనిపించి పెట్టిన పేరు. 1975లో 'నంబర్స్', సంఖ్యాశాస్త్రం మీద. మొరాకోలోని మరాకేష్ వెళ్లినప్పుడు అజాన్ విని ఇదేమిటని అడిగితే దేవుడి కోసం సంగీతం అని చెప్పారని, డబ్బు కోసం, పేరు కోసం సంగీతం తెలుసు గాని ఇలాంటి మాట ఎన్నడూ వినలేదని ఆయన చాలాసార్లు చెప్పుకున్నాడు.

1970ల నడుమ కాలిఫోర్నియాలోని మాలిబు దగ్గర సముద్రంలో ఈతకు దిగి, ప్రవాహం లోపలికి లాగేస్తుంటే, నన్ను కాపాడితే నీ కోసం పనిచేస్తాను దేవుడా అని అరిచాడు. వెనక నుంచి ఒక అల వచ్చి ఒడ్డుకు నెట్టింది. సినిమాకు సరిపోయే ఘట్టం కాబట్టి అందరూ దీన్నే చెబుతారు. నాకు అంతకన్నా ముఖ్యమైనది ఆ తర్వాతి సంగతి. అన్న డేవిడ్ జెరూసలేం నుంచి వస్తూ ఖురాన్ అనువాదం ఒకటి తెచ్చి ఇచ్చాడు. ఏడాదికి పైగా ఆయన దాన్ని ఒంటరిగా చదివాడు. ఎవరూ బోధించలేదు, ఏ జమాతూ చుట్టూ చేరలేదు. పన్నెండో సూరా (అధ్యాయం), సూరా యూసుఫ్ దగ్గర ఆగిపోయాడు. 111 ఆయత్‌లలో (వాక్యాలలో) ఒకే మనిషి కథ మొదటి నుంచి చివరి దాకా సాగే సూరా అది. బైబిలు చదివినవాళ్లకు యోసేపు, ఖురాన్ చదివినవాళ్లకు యూసుఫ్. అన్నలు బావిలో తోస్తే, బాటసారులు తీసి, కొద్దిపాటి వెండికి సంతలో అమ్మేస్తారు. సంగీత వ్యాపారంలో తననూ అలాగే కొని అమ్ముతున్నారని ఆయనకు అనిపించింది. 1977 డిసెంబరు 23, శుక్రవారం, లండన్ రీజెంట్స్ పార్క్ మసీదులో కలిమా, అంటే ఇస్లాం విశ్వాస వాక్యం, చదివాడు. మరుసటి ఏడాది యూసుఫ్ ఇస్లాం అయ్యాడు.

మరి గిటారు ఎందుకు దించాడు? కలిమా చదవగానే పారేశాడనుకోవడం పొరపాటు. ఆ తర్వాత 1978లో 'బ్యాక్ టు ఎర్త్' ఆల్బమ్ విడుదల చేశాడు. 1979 నవంబరు 22న వెంబ్లీలో యునిసెఫ్ కోసం పాడాడు. అంటే దాదాపు రెండేళ్లు ముస్లింగానే పాడాడు. నీతికి విరుద్ధం కానంతవరకు పాటలు రాసుకోవచ్చని మసీదు ఇమామే మొదట్లో చెప్పాడని ఆయన మాట. ఇంకొందరు వద్దన్నారు. కొత్తగా వచ్చినవాడికి ఎవరి మాట వినాలో తెలియదు, అనుమానం ఉన్నచోట దూరంగా ఉండటమే మేలని ఆగిపోయాడు. 1981లో గిటార్లను వేలం వేసి ఆ డబ్బు దానం చేశాడు. పాత రికార్డులు అమ్మడం ఆపమని కంపెనీలను అడిగాడు, వాళ్లు ఒప్పుకోలేదు. దాంతో వచ్చే రాయల్టీని దానధర్మాలకు మళ్లించాడు.

నాదోపాసన అనే మాట పుట్టుకతోనే చెవినబడే తెలుగువాళ్లకు ఇది కొరుకుడు పడదు. త్యాగయ్య దేవుడి కోసం పాడాడు, ఈయన దేవుడి కోసం పాట మానాడేమిటి అనిపిస్తుంది. అందుకని ఆ చర్చలోని వాదాలను చూడటం అవసరం. సంగీతం నిషిద్ధమనేవాళ్లు ముఖ్యంగా రెండు ఆధారాలు చూపిస్తారు. సూరా లుక్మాన్ ఆరో ఆయత్‌లో మనిషిని దారి తప్పించే 'వ్యర్థ కాలక్షేపపు మాట' అంటే పాటేనని ప్రవక్త సహచరుడు ఇబ్న్ మస్‌ఊద్ వ్యాఖ్యానించాడు. బుఖారీ సంకలనంలోని ఒక హదీసు (ప్రవక్త మాటగా చెప్పుకునేది) వ్యభిచారం, పట్టు, మద్యంతో పాటు వాద్యాలను కూడా చేర్చి చెబుతుంది. అవతలి పక్షం జవాబులూ పాతవే. ఆ హదీసును ఒకరి నుంచి ఒకరు చెప్పుకుంటూ వచ్చినవాళ్ల పరంపరలో తెగిన లంకె ఉందని పదకొండో శతాబ్దపు స్పెయిన్ పండితుడు ఇబ్న్ హజ్మ్ వాదించాడు. పండగనాడు ప్రవక్త భార్య ఆయిషా ఇంట్లో ఇద్దరు ఆడపిల్లలు పాడుతుంటే ఆమె తండ్రి అబూ బకర్ కోప్పడితే, పాడుకోనివ్వమని ప్రవక్తే అన్న హదీసు ఉంది. ప్రసిద్ధ ఇస్లాం పండితుడు గజాలీ తన మహాగ్రంథంలో భక్తి సంగీత శ్రవణానికి ఒక భాగమే కేటాయించాడు. వెయ్యేళ్ల నాటి ఈ తగవు మన ఊళ్లలోనూ ఉంది. ఉర్సు రాత్రి దర్గాలో ఖవ్వాలీ సాగుతుంటే, అదే ఊరి మసీదులో దాన్ని తప్పుబట్టే పెద్దమనిషీ ఉంటాడు. ఇస్లాం స్వీకరించిన ఏ.ఆర్.రెహమాన్ కడప అమీన్ పీర్ దర్గాకు వస్తూనే సంగీతం కొనసాగించాడు. రెహమాన్‌కు దారి చూపింది సూఫీ గురువు. యూసుఫ్‌కు అలాంటి గురువు లేడు, పుస్తకం ఉంది, నలుగురి సలహాలు ఉన్నాయి. తేడా అంతా అక్కడుందని నా నమ్మకం.

పాడని ఆ ఏళ్లలో ఆయన ఖాళీగా కూర్చోలేదు. 1983లో లండన్ బ్రెంట్ ప్రాంతంలో ఇస్లామియా ప్రైమరీ స్కూలు మొదలుపెట్టాడు. ఆంగ్లికన్, కాథలిక్, యూదు బడులకు ప్రభుత్వం డబ్బిస్తోంది, మాకెందుకివ్వదని అడిగాడు. చుట్టుపక్కల బడుల్లో ఖాళీ సీట్లున్నాయని ఒకసారి కాదన్నారు. కోర్టుకు వెళ్లారు. మళ్లీ కాదన్నారు. 1998లో గాని ఇవ్వలేదు. బ్రిటన్‌లో ప్రభుత్వ నిధులు మొట్టమొదట అందుకున్న ముస్లిం బడుల్లో అదొకటి. ఇథియోపియా కరువు కాలంలో, 1985లో, ముస్లిం ఎయిడ్ సంస్థను నిలబెట్టాడు.

1989 సంగతి దాటేస్తే ఈ వ్యాసానికి విలువ ఉండదు. రచయిత సల్మాన్ రష్దీని చంపాలంటూ ఇరాన్ మతనాయకుడు ఖొమైనీ ఫత్వా ఇచ్చిన వారం తిరిగేసరికి కింగ్‌స్టన్‌లో విద్యార్థులు అడిగిన ప్రశ్నకు, దైవదూషణకు మరణశిక్ష అన్న ధోరణిలో జవాబిచ్చాడు. తర్వాత ఒక టీవీ చర్చలో ఇంకా దారుణంగా మాట్లాడాడు. ఫత్వాను తానెన్నడూ సమర్థించలేదని, గ్రంథంలో ఉన్నది చెప్పానని, టీవీ మాటలు పాడు హాస్యమని ఆయన వివరణ. రష్దీ దాన్ని అంగీకరించలేదు. నేనూ అంగీకరించలేను. ఒక రచయిత ప్రాణం నిజంగా ప్రమాదంలో ఉన్నప్పుడు కొత్తగా చదువుకున్న చట్టాన్ని అప్పజెప్పడం పెద్ద తప్పు, ఆ మనిషి వెనక కోట్లమంది విన్న గొంతు ఉన్నప్పుడు ఇంకా పెద్ద తప్పు. 'పీస్ ట్రెయిన్' పాటను మళ్లీ పాడిన టెన్ థౌజండ్ మేనియాక్స్ బృందం తమ ఆల్బమ్ తర్వాతి ముద్రణల్లోంచి దాన్ని తీసేసింది. వాళ్లను తప్పుపట్టను. అయితే పాటను వదిలి నియమాన్నే పట్టుకున్న కాలంలో ఆయన నోట వచ్చిన మాటలవి. ఎద్దు మెడకు తాడు పడింది గాని మచ్చిక కాలేదన్న నాలుగో బొమ్మ నాకు ఇక్కడే గుర్తొస్తుంది.

తిరిగి రావడమూ ఒక్క రోజులో జరగలేదు. 1995లో 'ద లైఫ్ ఆఫ్ ద లాస్ట్ ప్రాఫెట్' అనే రికార్డులో ప్రవక్త చరిత్ర చెప్పాడు, వాద్యాల జోలికి పోకుండా ఒక నషీద్ (ఇస్లాం భక్తిగీతం) పాడాడు. బోస్నియా యుద్ధం నాటి విదేశాంగ మంత్రి ఇర్ఫాన్ ల్యుబియాంకిచ్ తాను కట్టిన పాట క్యాసెట్టు ఒకటి ఆయనకు ఇచ్చాడు. 1995లో ఆ మంత్రి ఎక్కిన హెలికాప్టర్‌ను కూల్చేశారు. 'నా దగ్గర గర్జించే ఫిరంగులు లేవు' అనే భావంతో ఉన్న ఆ పాట పేరుతో ఒక ఆల్బమ్ తెచ్చాడు. చావుల మధ్య బతుకుతున్న ముస్లింలే పాటను ఊతగా పట్టుకున్నారని కళ్లారా చూసినవాడికి, పాట వ్యర్థ కాలక్షేపం అనడం ఇక కుదరలేదు. నన్నడిగితే పాడొచ్చన్న అసలు ఫత్వా, అంటే తీర్పు, బోస్నియాలో దొరికింది.

ఆ తర్వాత కొడుకు ఇంట్లోకి గిటారు తెచ్చాడు. తెల్లవారుజామున ఇల్లంతా నిద్రపోతుండగా దాన్ని చేతిలోకి తీసుకుంటే వేళ్లు వాటంతటవే పట్టు వెతుక్కున్నాయని ఆయన చెబుతాడు. 2006లో 'యాన్ అదర్ కప్' వచ్చింది. ఈ మధ్యలో, 2004 సెప్టెంబరులో, లండన్ నుంచి వాషింగ్టన్ వెళ్తున్న విమానాన్ని ఆయన ఉన్నాడన్న కారణంతో మెయిన్ రాష్ట్రంలోని బ్యాంగోర్‌కు మళ్లించి, వెనక్కి పంపేశారు. రెండు నెలలు తిరక్కముందే రోమ్‌లో గోర్బచేవ్ చేతుల మీదుగా శాంతి బహుమతి అందుకున్నాడు. సంగీతం మీద తన వాదనను 2014లో 'వై ఐ స్టిల్ క్యారీ ఎ గిటార్' అనే పుస్తకంగా రాశాడు. పుస్తకం చదివి దించాడు, పుస్తకాలు ఇంకా చదివి ఎత్తుకున్నాడు. మతం సడలి తిరిగొచ్చాడనుకోవడం తప్పు. 2017లో వచ్చిన 'ద లాఫింగ్ యాపిల్' అట్ట మీద యూసుఫ్, క్యాట్ స్టీవెన్స్ రెండు పేర్లూ పక్కపక్కన ఉన్నాయి.

కొత్తగా వినేవాళ్లకు నా సలహా ఇది. హిట్ పాటల సంకలనంతో మొదలుపెట్టకండి, అందులో వరస పోతుంది, వరస పోతే మనిషి పోతాడు. 1970 నాటి 'మోనా బోన్ జాకన్' ముందు వినండి, జబ్బు నుంచి లేచినవాడి పలచని గొంతు దాంట్లో ఉంది. వెంటనే 'టిల్లర్‌మన్', తర్వాత 'టీజర్ అండ్ ద ఫైర్‌క్యాట్'. 1973 నాటి 'ఫారినర్'లో ఒక వైపంతా నిండిన 18 నిమిషాల పాట మొదటిసారి విసిగిస్తుంది, దాటేసినా పర్వాలేదు. 'బ్యాక్ టు ఎర్త్' మాత్రం దాటేయొద్దు, కలిమా చదివిన మనిషి గిటారు పట్టుకుని పాడుతున్నది అక్కడే. దాని వెనకే 'యాన్ అదర్ కప్' పెట్టండి. మధ్యలో 28 ఏళ్లున్నాయి. గొంతు ఒక మెట్టు దిగింది, మాట విరుపు మాత్రం అదే.

ఆఖర్న 2020 నాటి 'టీ ఫర్ ద టిల్లర్‌మన్ 2'. నిర్మాత మళ్లీ శామ్‌వెల్-స్మిత్, గిటారు మళ్లీ డేవీస్. పాత పాటలనే మళ్లీ చేశారు. 'వైల్డ్ వరల్డ్' పాతకాలపు రాగ్‌టైమ్ నడకలోకి మారింది, అది నాకు అంత నచ్చలేదు. 'ఫాదర్ అండ్ సన్'లో తండ్రి భాగం డెబ్బై దాటిన యూసుఫ్ పాడాడు. కొడుకు భాగానికి 1970లో లాస్ ఏంజెలెస్ ట్రూబడూర్ క్లబ్బులో రికార్డయిన 22 ఏళ్ల క్యాట్ స్టీవెన్స్ గొంతును తెచ్చి అతికించారు.